నడిసముద్రంలో గాలి లేస్తే: గాలం వేట బోటులో సమస్యలు, పరిష్కారాలు

విశాఖ, భీమిలి వైపు బోటు మాట్లాడుకుని సరదాగా గాలం వేటకు వెళ్ళేవాళ్ళ కోసం ఇది. బోటు నడిపేది సరంగే అయినా, ఏం జరుగుతోందో మనకు తెలిస్తే ఆయనకు అడ్డుపడకుండా ఉంటాం.

ఫోన్‌లో వాతావరణం బాగుంది, సముద్రం మాత్రం ఉడుకుతోంది

కారణం: ఫోన్ చూపించేది ఊరి మీది ఎండావానలు. ఎక్కడో దూరాన వీచిన గాలికి లేచిన అలలు వందల కిలోమీటర్లు దాటి వస్తాయి. ఇక్కడ ఆకు కదలకపోయినా కెరటం పెద్దదే.

పరిష్కారం: హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల ఎత్తు సూచన చూసి బయల్దేరండి. ఓడరేవులో 3వ నంబరు హెచ్చరిక ఎగరేస్తే ఈదురుగాలుల ముప్పు ఉన్నట్టు. అడ్వాన్సు పోయినా సరే, ఆ రోజు వద్దు.

కడుపులో తిప్పుతోంది

కారణం: కళ్ళు చెప్పేదానికీ లోపలి చెవి చెప్పేదానికీ పొంతన కుదరకపోవడం. డీజిల్ వాసన దాన్ని ఇంకా పెంచుతుంది.

పరిష్కారం: ఫోన్ లోపల పెట్టి, బోటు మధ్యలో కూర్చుని, దూరంగా ఆకాశం నీటిని తాకే గీతనే చూడండి. మాత్ర వేసుకునేవాళ్ళు డాక్టర్నడిగి, బోటెక్కే ముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక మాత్ర నిలవదు.

బోటు పక్కలకు విపరీతంగా ఊగుతోంది

కారణం: ఇంజన్ ఆపి గాలాలు వేసినప్పుడు బోటు అలలకు అడ్డం తిరుగుతుంది.

పరిష్కారం: గాలాలు తీసేయండి. సరంగు ముందు భాగాన్ని అలకు కాస్త ఏటవాలుగా తిప్పి నిదానంగా నడుపుతాడు. అందరూ లైఫ్ జాకెట్లు బిగించుకుని కింద కూర్చోవాలి. ఫోటో కోసం అంతా ఒకే పక్కకు చేరితే బోటు పల్టీ కొట్టవచ్చు.

ఇంజన్ తడబడి ఆగిపోయింది

కారణం: రేవులో చక్కగా నడిచిన ఇంజన్ సరిగ్గా ఇప్పుడే ఆగడం యాదృచ్ఛికం కాదు. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి, నీరు కుదుపులకు పైకి లేచి ఫిల్టర్‌ను మూసేస్తాయి. డీజిల్ తక్కువుంటే పైపు గాలిని కూడా లాగుతుంది.

పరిష్కారం: ముందు లంగరు, తర్వాతే రిపేరు. లంగరు బోటు ముందు నుంచే వేయాలి. వెనక నుంచి వేస్తే అల నేరుగా లోపలికి ఎక్కుతుంది. లోతు 20 మీటర్లుంటే కనీసం 100 మీటర్ల తాడు వదలాలి, లేకపోతే లంగరు పట్టు నిలవదు. తాడు చాలని లోతైతే గట్టి బకెట్‌ను పొడవాటి తాడుకు కట్టి ముందు వైపు వదిలితే, అది నీటిని పట్టి బోటును అలకు ఎదురుగా ఉంచుతుంది. అప్పుడు ఫిల్టర్ మార్చి, పైపులోని గాలి తీయాలి. బోటు మాట్లాడుకునేటప్పుడే స్పేర్ ఫిల్టర్ ఉందా అని అడగండి. బేరం కంటే ముఖ్యమైన ప్రశ్న అది.

ఒడ్డు కనిపిస్తున్నా సరంగు లోపలికి పోనివ్వడం లేదు

కారణం: భీమిలి దగ్గర గోస్తని నది సముద్రంలో కలిసేలాంటి చోట్ల, పాటు (సముద్రం వెనక్కి తగ్గే వేళ) నీరు బయటికి వస్తూ లోపలికొచ్చే కెరటాలకు ఎదురైతే అవి నిటారుగా లేచి విరుగుతాయి.

పరిష్కారం: పోటు (నీరు మళ్ళీ పెరగడం) మొదలయ్యేదాకా బయటే ఆగడం. ఇంటికెళ్ళాలని ఆయన్ను తొందరపెట్టకండి.

పరిస్థితి చేయి దాటింది

ఫోన్ సిగ్నల్ ఉంటే 1554కు, లేకపోతే బోటులోని వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్‌లో కోస్ట్ గార్డ్‌ను పిలవండి. మొదట జీపీఎస్ అంకెలు, తర్వాత బోటులో ఎంతమంది ఉన్నారో, ఆపైనే ఏమైందో చెప్పండి. మాట మధ్యలో తెగినా ఎక్కడికి రావాలో వాళ్ళకు తెలుస్తుంది.