వాలంటీర్లు నిలబడాలంటే ఏం చేయాలి? స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగం చేసేవాళ్ల కోసం

2024 సెప్టెంబరు మొదటి వారం, బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ నీళ్లలో ఉంది. ఒక రోజు పొద్దున్నే మా సంస్థ ఆఫీసు ముందు అరవై మందికి పైగా వచ్చి నిలబడ్డారు. కాలేజీ పిల్లలు, ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చినవాళ్లు, ఒకాయనైతే తన టాటా ఏస్ బండికి డీజిల్ కొట్టించి మరీ తెచ్చాడు. మధ్యాహ్నం రెండింటికి చూస్తే పదిహేను మంది మిగిలారు. పని లేక వెళ్లిపోలేదు వాళ్లు. వెనక షెడ్డులో పులిహోర పొట్లాలు కట్టడానికి చేతులు చాలక ఆరుగురు ఆడవాళ్లు నానా అవస్థ పడుతున్నారు, ముందు గేటు దగ్గరేమో వీళ్లంతా "సార్ వచ్చి చెప్తారు, కాసేపు ఆగండి" అన్న మాట విని విని ఇంటిదారి పట్టారు. ఆ వచ్చి చెప్పాల్సిన మనిషి ఎవరో సంస్థలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ పని మేం ఎవరికీ అప్పగించలేదు.

పెళ్లిలో వడ్డనకు పదిమంది కుర్రాళ్లు ఉత్సాహంగా ముందుకొస్తారు. పప్పు ఎవరు, పులుసు ఎవరు, ఏ వరసకు ఎవరు అని నిలబడి చెప్పే పెద్దాయన ఒకరు లేకపోతే మొదటి వరసకు రెండుసార్లు గారెలు పడతాయి, చివరి వరసకు అన్నం కూడా అందదు. సంస్థల్లోనూ అచ్చం ఇదే జరుగుతోంది. మన జనంలో సేవ చేసే మనసు తగ్గిపోయిందని మీటింగుల్లో చాలామంది బాధపడుతుంటారు, నేను ఒప్పుకోను. వచ్చినవాళ్లను చూసుకునే మనిషి లేక వాళ్లు వెళ్లిపోతున్నారు, అంతే.

ఆ నెలాఖరుకు వాలంటీర్లను చూసుకునే కోఆర్డినేటర్ బాధ్యత నాకిచ్చారు. అంతకుముందు అదే సంస్థలో సాయంత్రం ట్యూషన్ సెంటర్లు, చూపులేని విద్యార్థులకు పరీక్షల్లో స్క్రైబ్‌లను (వాళ్లు చెప్పే జవాబులు రాసిపెట్టేవాళ్లను) పంపే పని చూసేదాన్ని. నేను వాలంటీర్ అంటున్నది వారానికి రెండు గంటలో నాలుగు గంటలో తన టైమ్ ఇచ్చేవాళ్లను. 2019లో ఆంధ్రలో మొదలైన గ్రామ, వార్డు వాలంటీర్లది గౌరవ వేతనంతో నడిచిన వేరే ఏర్పాటు, దాన్ని దీంతో కలపొద్దు.

ముందు ఒక మనిషిని పెట్టండి, ఆ మనిషికి డబ్బు పెట్టండి

అందరి పని అంటే ఎవరి పనీ కాదు. అకౌంట్స్ చూసే అమ్మాయికి "ఖాళీగా ఉన్నప్పుడు వాలంటీర్లను కూడా చూడమ్మా" అని చెప్తే ఆ అమ్మాయికి మార్చి నెలలో ఖాళీ ఉండదు, సరిగ్గా పరీక్షలకు స్క్రైబ్‌లు కావాల్సింది ఆ నెలలోనే. చిన్న సంస్థ అయితే సగం రోజు పనిగానైనా పెట్టండి, కానీ అది ఆ మనిషి అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసి ఉండాలి.

డైరెక్టర్ స్థాయిలో ఉన్నవాళ్లకు ఇంకో మాట. నెల నెలా మీటింగులో విరాళాలు ఎంతొచ్చాయని అడిగినంత శ్రద్ధగా ఈ నెల కొత్తగా ఎంతమంది వచ్చారు, ఎంతమంది మానేశారు, ఎందుకు మానేశారు అని అడగండి. పైవాళ్లు అడగని పనిని కింద ఎవరూ పట్టించుకోరు.

"వాలంటీర్లేగా, వాళ్లకు ఖర్చేంటి?" అని దాతలు అడుగుతారు. బస్ ఛార్జీలు, టీ, ఐడీ కార్డు, ఫోన్ బిల్లు, వరద లాంటి పనికి పంపితే గమ్ బూట్లు, యాక్సిడెంట్ ఇన్సూరెన్స్, కోఆర్డినేటర్ జీతం. ఇవన్నీ బడ్జెట్‌లో విడిగా ఒక పద్దుగా చూపించండి, దాచుకోవాల్సిన పని లేదు. బస్సుకు డబ్బులు ఇవ్వకపోతే బండి, కారు ఉన్నవాళ్లే వాలంటీర్లు అవుతారు, బస్తీలో పుట్టి చదువుకుని పైకొచ్చిన పిల్ల తన బస్తీకే వచ్చి పాఠాలు చెప్పలేకపోతుంది.

మనుషుల్ని పిలిచే ముందు పని రాసుకోండి

"సేవాభావం ఉన్నవారు సంప్రదించండి" అని పోస్టర్ వేసేముందు అర పేజీ కాగితం రాయాలి. ఏం పని, ఎక్కడ, ఏ రోజు ఎన్నింటికి, ఎన్ని వారాలు, ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఏం చేయకూడదు. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు, నిజానికి అదే ముఖ్యం.

స్క్రైబ్ పనే తీసుకోండి. చూపులేని విద్యార్థి చెప్పింది చెప్పినట్టు రాయడం, వినడానికి ఇంతే. కానీ సాధారణంగా ఇలాంటి పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇస్తారు కాబట్టి మూడు గంటల పేపరు నాలుగు గంటలవుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోవడం వల్ల మా వాలంటీర్ ఒకరు మూడో గంట దాటగానే ఆఫీసు ఫోన్ గురించి టెన్షన్ పడిపోయి రాత పాడుచేశారు, నష్టపోయింది ఏడాదంతా చదువుకున్న పిల్ల. ప్రశ్నను రెండుసార్లు నెమ్మదిగా చదవాలి, ఎన్ని మార్కుల ప్రశ్నో చెప్పాలి, చెప్పిన జవాబు తప్పని మీకు తెలిసినా దిద్దకూడదు, మీ ముఖం వాళ్లకు కనిపించదు, కానీ గొంతులో కూడా తెలియనివ్వకూడదు. ఇంకా, చాలా పరీక్షలకు విద్యార్థి కంటే తక్కువ చదువున్నవాళ్లే స్క్రైబ్‌గా రావాలన్న నియమం ఉంటుంది, అంటే ఇంటర్ పరీక్షకు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఎంత ఉత్సాహపడ్డా కుదరదు, తొమ్మిదో పదో చదివే పిల్లలు కావాలి, వాళ్లు మైనర్లు కాబట్టి అమ్మానాన్నల సంతకం, స్కూలు అనుమతి కావాలి. నోటిఫికేషన్ చదివి ఇవన్నీ కాగితం మీద పెట్టాకే నేను ఫోన్లు మొదలుపెడతాను.

1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరుగా నిలబడింది పద్నాలుగేళ్ల దుర్గాబాయి, తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా మనందరికీ తెలిసిన ఆవిడే. టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసింది, నిర్వాహకులు టికెట్ కొన్నాకే లోపలికి వదిలింది. ఆ అమ్మాయి ధైర్యాన్ని అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ కోఆర్డినేటర్‌గా నాకు కనిపించేది ఇంకొకటి ఉంది: ఆమెకు ఇచ్చిన పని ఒక్క వాక్యం, టికెట్ లేకుండా ఎవరినీ పంపొద్దు. అంత స్పష్టంగా చెప్తే పద్నాలుగేళ్ల పిల్ల కూడా నిలబడుతుంది.

వచ్చిన ప్రతి ఒక్కరినీ తీసుకోకండి

ఇరవై నిమిషాలు కూర్చుని మాట్లాడండి. ఎందుకు రావాలనుకుంటున్నారు, వారంలో నిజంగా ఎంత టైమ్ ఉంది, ఇంట్లో ఒప్పుకున్నారా (ముఖ్యంగా సాయంత్రం వచ్చే ఆడపిల్లల విషయంలో, ఇల్లు చేరేసరికి ఎంతవుతుందో కూడా లెక్కేయండి). ఆ మనిషికి ఈ పని నచ్చదనిపిస్తే అప్పుడే చెప్పేయడం ఇద్దరికీ మంచిది. పిల్లలతో ఇష్టం లేని మనిషి స్టోర్ లెక్కలు అద్భుతంగా చూడొచ్చు.

పిల్లలున్న చోటికి పంపేటప్పుడు మాత్రం మొహమాటం అస్సలు పనికిరాదు. ఆధార్ కాపీ, తెలిసినవాళ్లు ఇద్దరి ఫోన్ నంబర్లు, ఆ ఇద్దరికీ నిజంగా ఫోన్ చేయడం, పోలీస్ వెరిఫికేషన్. ఏ వాలంటీరూ పిల్లతో ఒంటరిగా తలుపేసిన గదిలో ఉండకూడదు. పిల్లల ఫొటోలు సొంత స్టేటస్‌లో పెట్టకూడదు. ఎంత పెద్ద ఆఫీసర్ గారి అబ్బాయి అయినా, ట్రస్టీ గారి బంధువైనా ఇవే నియమాలు. పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) అంటుంది, చెప్పకపోతే శిక్ష ఉంది, "సంస్థ పరువు" అనే మాటకు అక్కడ చోటు లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు మా ప్రతి సెంటరు గోడ మీద పిల్లల కంటికి అందే ఎత్తులో రాయించాం.

కంపెనీల వాళ్లు ఒక్కరోజు సేవకు వస్తామంటారు, యాభై మంది ఒకే రంగు టీషర్టుల్లో. పోయినేడు రంగేసిన గోడకే మళ్లీ రంగేయించి పంపకండి. మాకు నిజంగా కావాల్సింది లైబ్రరీ పుస్తకాలకు నంబర్లు వేసి అట్టలు వేయడం అని చెప్పి చూడండి, ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఈసారికి వద్దనండి.

మొదటి రోజు

వ్యవస్థాపకుల చరిత్ర గంటసేపు చెప్పకండి. పదిహేను నిమిషాలు సంస్థ గురించి, పావుగంట నియమాలు, తర్వాత పాత వాలంటీరు పక్కన కూర్చోబెట్టి ఆ రోజే ఏదో ఒక పని చేతిలో పెట్టండి. మొదటి రోజు చేతికి పని తగిలినవాళ్లు రెండో వారం వస్తారు, ఇది నేను మళ్లీ మళ్లీ చూశాను.

తప్పు చెప్పడం ఎలా?

అందరం జారిపోయేది ఇక్కడే. "ఊరికే వచ్చి చేస్తున్నారు, వాళ్లను ఏమంటాం?" అనుకుంటాం. మొహమాటపడి ఊరుకుంటాం, లోపల లోపల విసుక్కుంటాం, చివరికి ఫోన్ చేయడం మానేస్తాం, ఆ మనిషికి ఏం తప్పు చేశారో ఎప్పటికీ తెలియదు. ఊరికే చేస్తున్నారు కాబట్టే వాళ్లకు నిజం చెప్పాల్సిన బాధ్యత మనకు ఎక్కువ.

మా సెంటరుకు ఒక రిటైర్డ్ టీచర్ గారు వచ్చేవారు. లెక్కలు అద్భుతంగా చెప్పేవారు, చేతిలో ఎప్పుడూ చెక్క స్కేలు ఉండేది. ఒక సాయంత్రం పిల్లలు వెళ్లాక బయట వేపచెట్టు కింద నిలబడి మాట్లాడాను.

"మాస్టారూ, ఇక్కడ పిల్లల్ని కొట్టకూడదండీ. స్కేలుతో కూడా."

"భయం లేకపోతే చదువెలా వస్తుందమ్మా? ముప్పై ఏళ్లు చెప్పాను నేను."

"మీరు భిన్నాలు చెప్పాకే అయిదో తరగతి పిల్లలకు లెక్కలంటే ధైర్యం వచ్చింది మాస్టారూ, అది నేను కళ్లారా చూశాను. కానీ వెనక వరస బాబు పోయిన బుధవారం నుంచి రావట్లేదు. వాళ్లమ్మ స్కేలు సంగతి చెప్పింది."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "వాడి ఇల్లెక్కడ?" అన్నారు. ఇద్దరం కలిసి వెళ్లాం. స్కేలు ఆ తర్వాత గీతలు గీయడానికే వాడారు.

అందరూ ఇలా వినరు. నలుగురి ముందు కాకుండా ఒంటరిగా, జరిగిన వారంలోనే, ఏం చూశారో అది మాత్రమే చెప్పండి, మనిషి స్వభావం గురించి వ్యాఖ్యలు వద్దు. రెండుసార్లు చెప్పినా మారకపోతే మూడోసారి కూర్చోబెట్టి ఇక రావొద్దని చెప్పాలి. పిల్లలపై లైంగిక వేధింపు లాంటి భద్రత విషయమైతే మొదటిసారే ఆఖరిసారి. ఇలాంటప్పుడు డైరెక్టర్ కోఆర్డినేటర్ వెనక నిలబడాలి, "పోనీలే, పెద్దాయన" అని పక్కకు తీసుకెళ్లి సర్దిచెప్తే ఇక ఆ కోఆర్డినేటర్ మాట సెంటర్లో ఎవరూ వినరు.

స్టాఫ్‌కీ వాలంటీర్లకూ మధ్య

జీతగాళ్లకు ఒక భయం ఉంటుంది, వీళ్లు ఫ్రీగా చేస్తుంటే రేపు మా ఉద్యోగం ఏమవుతుందని. ఆ భయం అబద్ధం కాదు. వంట చేసే అమ్మను తీసేసి ఆ పని వాలంటీర్లతో చేయించిన చోట్లు చూశాను, అది తప్పు. రోజుకు ఎనిమిది గంటలు, నెలకు ఇరవై అయిదు రోజులు పనిచేయించుకుని చేతిలో కొంచెం డబ్బు పెట్టి వాలంటీర్ అని పిలవడమూ తప్పే, అది ఉద్యోగం, ఉద్యోగంలాగే జీతం ఇవ్వాలి.

రిజిస్టరు గురించి ఎక్కువ చెప్పను. పేరు, వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్, చేసిన పని, ఎవరి చేతిరాత వాళ్లది. ఎన్‌ఎస్‌ఎస్ (కాలేజీల్లో ఉండే నేషనల్ సర్వీస్ స్కీమ్) విద్యార్థులకు ఏడాదికి 120 గంటల సేవ ఉంటుంది కాబట్టి సర్టిఫికెట్ కోసం వస్తారు, రానివ్వండి, చేసిన గంటలకే సంతకం పెట్టండి. అత్యవసర నంబరు, రక్తం గ్రూపు తీసుకోండి, ఆ వివరాలు మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

థాంక్స్ చెప్పడం, వెళ్లేటప్పుడు పంపడం

డిసెంబరు 5న అంతర్జాతీయ వాలంటీర్ల దినోత్సవం, శాలువాలు కప్పండి, బాగుంటుంది. దానికంటే వాళ్లకు గుర్తుండేది, ఫలితాలు వచ్చిన రోజు "మీరు తెలుగు పేపర్ రాసిన అమ్మాయికి 87 వచ్చాయండీ" అని వచ్చే ఫోన్. ఎవరి వల్ల ఏం జరిగిందో ఆ మనిషికి తెలియాలి.

మూడు వారాలు వరసగా రాకపోతే ఫోన్ చేయండి, మెసేజ్ కాదు. "ఎందుకు రావట్లేదు" అని కాదు, "బాగున్నారా" అని మొదలుపెట్టండి. ఒకామె నాతో అంది, "నేను రావట్లేదని మీకు తెలుసనుకోలేదండీ" అని. వాళ్లత్తగారికి పక్షవాతం వచ్చిందట, ఆరు నెలల తర్వాత ఇంటి నుంచే ఆడియో పాఠాలు చదివి పంపడం మొదలుపెట్టింది. నిజంగా మానేస్తున్నవాళ్లను మాత్రం రెండు అడగండి, ఇక్కడ ఏది ఇబ్బందిగా అనిపించింది, మీ చోట్లో వచ్చేవాళ్లకు ఏం చెప్పాలి. జవాబు వాదించకుండా రాసుకోండి. ఐడీ కార్డు, బీరువా తాళంచెవి తీసుకోండి, పిల్లలకు చెప్పి వెళ్లడానికి ఒక సాయంత్రం పిలవండి, గ్రూపులోంచి పేరు ఆ తర్వాతే తీయండి. ఈ ఫోన్లకు ఆదివారం పొద్దున పదిన్నర తర్వాత మంచి టైమ్, టిఫిన్లు అయిపోయి ఉంటాయి, తీరిగ్గా మాట్లాడతారు.