సొంతంగా ఇంగ్లీషు – 17వ పాఠం: వేస్ట్

లగేజీ, ఫర్నిచర్ లాంటి లెక్కపెట్టని నామవాచకాలను కిందటి పాఠంలో చూశాం. ఈసారి ఆ కోవలోదే మరొకటి, వేస్ట్. బాగా తెలుసనుకోవడం వల్లే దీనితో చిక్కు.

‘వాడిని అడగడం వేస్ట్’, ‘ఆ ఫోను కొనడం వేస్ట్’ అని రోజూ అంటూనే ఉంటాం. దండగ అనే చోటల్లా ఈ మాట చక్కగా ఇమిడిపోయింది. తెలుగులో దానికి వంక పెట్టనక్కర్లేదు. ఇంగ్లీషులో మాత్రం ఏది దండగో కూడా చెప్పాలి: ‘ఆస్కింగ్ హిమ్ ఈజ్ ఎ వేస్ట్ ఆఫ్ టైమ్’. పోయేది డబ్బయితే ‘ఎ వేస్ట్ ఆఫ్ మనీ’. ఇక ‘వాడు ఒట్టి వేస్ట్’ అన్నదాన్ని ‘హి ఈజ్ వేస్ట్’ అని మార్చకండి. అక్కడ కావలసిన మాట యూజ్‌లెస్.

పై వాక్యాల్లో ‘ఎ’ గమనించారా? దండగ అనే అర్థంలో అది ఉండాలి, చెత్త అనే అర్థంలో ఉండకూడదు. తడి చెత్త వెట్ వేస్ట్, పొడి చెత్త డ్రై వేస్ట్, పాడైన ఛార్జర్లూ ఫోన్లూ ఈ-వేస్ట్. వీటి ముందు ‘ఎ’ పెట్టం, చివర ‘ఎస్’ చేర్చం. తెలుగులోనూ చెత్తలు అనం కదా! అయితే రకరకాల వ్యర్థాలను ఉద్దేశించినప్పుడు, ముఖ్యంగా సాంకేతిక, ప్రభుత్వ పత్రాల్లో, వేస్ట్స్ అనే బహువచనం కనిపిస్తుంది. మన దేశంలో పట్టణాల చెత్త గురించి 2000లో వచ్చిన నిబంధనల పేరులో ‘సాలిడ్ వేస్ట్స్’ అని ఉండేది. 2016లో వాటి స్థానంలో వచ్చినవాటి పేరులో ‘సాలిడ్ వేస్ట్’ అయింది. రోజువారీ మాటకు ఏకవచనమే పట్టుకోండి.

క్రియగా వాడేటప్పుడు మన ‘చేయు’ అడ్డు తగులుతుంది. ‘టైమ్ వేస్ట్ చేయకు’ అనే అలవాటుతో ‘డోంట్ డూ టైమ్ వేస్ట్’ అనేస్తుంటారు. వేస్ట్ తానే క్రియ, డూతో పని లేదు: ‘డోంట్ వేస్ట్ టైమ్’. జరిగిపోయినదానికి వేస్టెడ్.

నగల దుకాణం బిల్లులో వేసే వేస్టేజ్ వేరు. అది తరుగు, అంటే నగ చేసేటప్పుడు పోయే బంగారం కింద లెక్కగట్టేది. పెళ్లి విందులో విస్తళ్లలో మిగిలిపోయిన అన్నాన్ని మాత్రం ఫుడ్ వేస్ట్ అంటే చాలు, మన దగ్గర చాలామంది ఫుడ్ వేస్టేజ్ అన్నా సరే.

ఉచ్చారణ మనకు సులువే. వెస్ట్ పడమర, వేస్ట్ చెత్త. ఎత్వానికీ ఏత్వానికీ తేడా తెలుగువాళ్లకు ఒకరు నేర్పాలా? నడుము అనే అర్థమున్న వేస్ట్ కూడా సరిగ్గా ఇలాగే పలుకుతుంది, స్పెల్లింగు మాత్రం వేరు.

అభ్యాసం: ఇంగ్లీషులో రాయండి. నీళ్లు వృథా చేయకు. ఆ సినిమాకు వెళ్లడం డబ్బు దండగ. ఈ డబ్బాలో పొడి చెత్త మాత్రమే వేయండి.

జవాబులు వచ్చే పాఠంలో. రబిష్, గార్బేజ్, ట్రాష్‌లలో బ్రిటన్‌వాళ్లది ఏదో, అమెరికావాళ్లవి ఏవో కూడా అప్పుడే చూద్దాం.