విమానం తోక కట్టేవాళ్ళకి, నా గ్యారేజీ నుంచి

మా అమ్మ తెనాలి నుంచి టెక్సాస్‌లో మా ఊరు ఫ్రిస్కో వచ్చిన మర్నాడు గ్యారేజీ తలుపు తీసి, "ఏరా, కార్లు ఎండలో పెట్టి లోపల సత్తు రేకులు దాచావేంటి?" అంది. విమానం తోకమ్మా అన్నాను. ఒక రిబ్ (లోపల పక్కటెముకలా ఉండే రేకు ముక్క) చేతిలోకి తీసుకుని బరువు చూసి, "ఇంత తేలిగ్గా ఉందే, గాలికి ఎగిరిపోదూ?" అంది.

నేను కడుతున్నది ఆర్‌వీ-7. ఒరెగాన్‌లో అరోరా అనే ఊరి నుంచి వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు పంపే కిట్. పక్కపక్కన ఇద్దరు కూర్చునే విమానం. కిట్ మొత్తం ఒకేసారి కొనక్కర్లేదు, ముందు తోక తెప్పించుకుంటే చాలు. మిగతా భాగాలతో పోలిస్తే ఖర్చు తక్కువ. అయినా రెక్కలకి, బాడీకి కావాల్సిన చేతిపని దాదాపు అంతా ఇందులోనే వచ్చేస్తుంది. కట్టాక ఇది మన వల్ల కాదనిపిస్తే అమ్ముకోవచ్చు. అలా ఆగిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు, అందులో నామోషీ ఏమీ లేదు.

పెట్టె విప్పేముందు ఒక మాట. అమెరికాలో ఇలాంటి విమానానికి ఎఫ్‌ఏఏ (విమానాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ) అనుమతి రావాలంటే, పనిలో ఎక్కువ భాగం చదువు కోసమో సరదా కోసమో ఔత్సాహికులు సొంతంగా చేసి ఉండాలి. అందరూ దీన్ని 51 శాతం రూల్ అంటారు. దానికి రుజువు మీ లాగ్‌బుక్, ఫొటోలే. నేను మొదటి నెలంతా రేకులకి మాత్రమే ఫొటోలు తీశాను. సొంతంగా విమానాలు కట్టేవాళ్ళ సంఘం ఈఏఏ తరఫున స్వచ్ఛందంగా వచ్చి పని చూసి సలహా చెప్పే టెక్నికల్ కౌన్సెలర్ అవి చూసి, "ఇందులో నువ్వెక్కడ?" అన్నాడు. అప్పటి నుంచి మా అమ్మాయి ఫొటోలు తీస్తోంది.

సామాన్ల లెక్క చూసుకోవడానికి ఒక వారాంతం కేటాయించండి. రివెట్లు, అంటే రేకుల్ని కలిపి బిగించే చిన్న లోహపు మేకులు, చిన్న కాగితపు సంచుల్లో వస్తాయి. నేను మా ఆవిడ పాత పోపుల పెట్టె అడిగి తీసుకుని, ఏడు గిన్నెల్లో ఏడు సైజులు పోశాను. ఒకరోజు అది చెయ్యి జారింది. 3 సైజుకీ 3.5 సైజుకీ పొడవులో తేడా అంగుళంలో ముప్పై రెండో వంతు. ఆ సాయంత్రమంతా బియ్యంలో రాళ్ళు ఏరినట్టు కూర్చుని ఏరాను. మూతలు బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలు కొనుక్కోండి.

వరస ఇది: ముందు హారిజాంటల్ స్టెబిలైజర్ (తోకలో అడ్డంగా ఉండే చిన్న రెక్క), తర్వాత నిలువుది, ఆ తర్వాత రడ్డర్ (నిలువుదాని వెనక కదిలే భాగం, ముక్కుని పక్కలకి తిప్పుతుంది), చివర ఎలివేటర్లు (అడ్డదాని వెనక కదిలేవి, ముక్కుని పైకీ కిందకీ తిప్పుతాయి). ఏ భాగమైనా పద్ధతి ఒకటే. స్పార్ (పొడవునా ఉండే దూలం), రిబ్‌లు, పైరేకు క్లీకోలతో కలిపి నిలబెట్టాలి. క్లీకో అంటే స్ప్రింగు ఉన్న తాత్కాలిక బిగింపు. వెండి రంగువి 3/32 అంగుళం రంధ్రాలకి, రాగి రంగువి 1/8కి. కంపెనీ చేసి పంపిన రంధ్రాలని 40 నంబర్, 30 నంబర్ డ్రిల్లులతో తుది సైజుకి తెచ్చి, అంతా విప్పేయాలి. గరుకు తీసి, డింపుల్ కొట్టి, తుప్పు పట్టకుండా ప్రైమర్ పూత వేసి, మళ్ళీ క్లీకోలు పెట్టి, అప్పుడు రివెట్. పెళ్ళి పందిరి రెండుసార్లు వేసినట్టు ఉంటుంది. ఓపిక పట్టాల్సిందే.

గరుకు తీయడం దగ్గర అందరూ విసుక్కుంటారు. డ్రిల్లు చేసిన ప్రతి రంధ్రం అంచునా సన్నటి ముల్లు మిగులుతుంది. డీబరింగ్ టూల్ తేలిగ్గా ఆనించి రెండు మూడు చుట్లు తిప్పితే చాలు. గట్టిగా నొక్కితే రంధ్రం పెద్దదైపోతుంది, పల్చటి రేకు ఆ మేరకు బలం కోల్పోతుంది. గోరు రాసి చూడండి, తగలకపోతే అయిపోయినట్టే. రేకు అంచులకి ఆకురాయి, ఆ తర్వాత స్కాచ్‌బ్రైట్ పీచు. అంచు మీద చిన్న గాటు ఉన్నా, ఏళ్ళ తరబడి వణుకుడుకి పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. ప్రైమర్ గురించి మాత్రం నన్ను అడగకండి. కట్టేవాళ్ళు ఇద్దరు కలిస్తే మూడు అభిప్రాయాలు. నేను లోపలి భాగాలన్నిటికీ వేశాను, అంతే.

డింపుల్ అంటే రివెట్ తల రేకుతో సమంగా కూర్చునేలా రంధ్రం చుట్టూ గుంట నొక్కడం. మగ డై (గుంట నొక్కే అచ్చులో పొడుచుకొచ్చిన సగం) సూది రంధ్రంలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూశాకే లివర్ నొక్కండి. కూర్చోకుండా నొక్కితే అసలు రంధ్రం పక్కనే ఇంకోటి పడి, రెండూ కలిసి 8 అంకెలా తయారవుతాయి.

ఇక రివెట్ కొట్టడం. ఒకరు గాలి ఒత్తిడితో కొట్టే రివెట్ గన్ పట్టాలి, ఇంకొకరు వెనక బకింగ్ బార్ అనే లోహపు దిమ్మ పట్టాలి. కంసాలి దాగలి అనుకోండి, కాకపోతే దీన్ని చేత్తో పట్టుకుంటారు. సన్న రివెట్లకి నా గన్ దగ్గర గాలి ఒత్తిడి 35 పీఎస్ఐ సరిపోయింది. మీది మీరు వృథా రేకు మీద చూసుకోండి. మా ఆవిడ బార్ పట్టేది. ఆమె "ఊ" అంటే నేను ట్రిగ్గర్ నొక్కాలని ఒప్పందం. చెవులకి మఫ్స్ పెట్టుకున్నాక ఆ "ఊ" ఎవరికి వినిపిస్తుంది? చివరికి బార్‌తో రివెట్ తోకని రెండుసార్లు తడితే, ఆ తట్టు నా గన్‌కి తెలిసేది. అప్పుడు నొక్కేవాణ్ణి. మీకూ ఇలాంటి సైగ ఒకటి ముందే అనుకుని ఉండాలి.

బార్ వైపు నలిగిన రివెట్ తోక వెడల్పు రివెట్ కాడ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు ఆ కాడ మందంలో సగం ఉండాలి. కొలవడానికి గేజ్ దొరుకుతుంది, కంటిని నమ్మకండి. నేను నమ్మి దెబ్బతిన్నాను.

స్టెబిలైజర్ వెనక స్పార్ మీద 1/8 రివెట్ ఒకటి కాస్త పక్కకి ఒరిగింది. రాత్రి పదకొండు దాటింది, తెల్లారి ఆఫీసు. గేజ్ పెట్టకుండానే బాగాలేదని తేల్చేసి డ్రిల్లు అందుకున్నాను. పద్ధతి నాకు తెలియక కాదు. రివెట్ తల మధ్యలో ఉండే చిన్న చుక్క మీద డ్రిల్లు ఆనించి, తల లోతు వరకే దించాలి. పంచ్‌తో తలని విరిచి, వెనక చెక్క దిమ్మ ఆసరా పెట్టి కాడని మెల్లగా తట్టాలి. నిద్రకళ్ళతో డ్రిల్లు పక్కకి జారింది. రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. దాన్ని గుండ్రంగా చేద్దామని ఇంకా పెద్దది చేశాను. అంచుకి ఉండాల్సిన దూరం, అంటే రివెట్ మందానికి రెండింతలు, అది కూడా పోయింది. కొత్త స్పార్ తెప్పించాను.

కౌన్సెలర్ వచ్చినప్పుడు అలాగే ఒరిగిన రివెట్లు ఇంకో మూడు చూపించాను. గేజ్ పెట్టి, "వీటికేం రోగం?" అన్నాడు. నేను పీకింది కూడా బహుశా పాసయ్యేదే. అందుకని నా గ్యారేజీలో రెండు నియమాలు: కొలవకుండా ఏ రివెట్టూ పీకకూడదు, రాత్రి తొమ్మిది తర్వాత అసలు పీకకూడదు. సన్న రివెట్ రంధ్రం కొద్దిగా చెడితే, తల చిన్నగా కాడ లావుగా ఉండే ఎన్ఏఎస్1097 రివెట్లు పనికొస్తాయి. వాటికి ఇక్కడ "ఊప్స్ రివెట్లు" అని పేరు. ఒక పొట్లం ముందే తెచ్చిపెట్టుకోండి.

రడ్డర్‌లో కష్టమంతా వెనక అంచే. రెండు రేకుల మధ్య సన్నటి అల్యూమినియం వెడ్జ్ (చీలలాంటి ముక్క) పెట్టి, సీలెంట్ పూసి, తిన్నటి యాంగిల్‌కి (ఎల్ ఆకారపు లోహపు పట్టీకి) క్లీకోలతో బిగించి ఆరనివ్వాలి. టెక్సాస్ ఎండాకాలంలో సీలెంట్ తొందరగా గట్టిపడుతుంది, కొద్దికొద్దిగా కలుపుకోండి. నేను మూడు రోజులు ముట్టుకోలేదు. రివెట్లు ఒక కొస నుంచి వరసగా కొట్టుకుపోతే అంచు అరటి ఆకులా వంగుతుంది. పదింటికొకటి కొట్టి, తర్వాత మధ్యలోవి నింపుకుంటూ రండి. మొత్తం పొడవులో వంకర అంగుళంలో పదో వంతు మించకూడదు.

ఎలివేటర్‌లో అలా కాదు, ఒకే రేకు మడత పడుతుంది. మడత లోపల 1/8 అంగుళం చెక్క పుల్ల టేపుతో అంటించి వంచితే అంచు మరీ నలిగిపోకుండా ఉంటుంది. స్టిఫెనర్ల (రేకు ఊగకుండా లోపల బిగించే పట్టీల) కొసలు కలిసే చోట సిలికాన్ ముద్ద పెట్టడం మరిచిపోకండి, అది లేకపోతే అక్కడ రేకు పగులుతుంది. ఎడమ ఎలివేటర్‌లో ట్రిమ్ ట్యాబ్ (వెనక అంచులో విడిగా కదిలే చిన్న రేకు) ఉంటుంది కాబట్టి కుడిది ముందు చేయండి. ట్యాబ్ చివరల్ని వంచేటప్పుడు నేను ఒక రేకు పాడుచేశాను. ముందుకొసన సీసం బరువులు ఫ్లటర్ (గాలి వేగానికి అదుపు తప్పి కొట్టుకోవడం) రాకుండా కాపాడతాయి. రంగు వేశాక వెనక బరువు పెరుగుతుంది, అందుకని తుది బ్యాలెన్స్ అప్పుడే చూసుకోవాలి. ఇప్పుడే తొందరపడి సీసం కోసేయకండి.

తయారైనవి ఎక్కడ పెట్టాలి? వెనక అంచు మీద ఆనించి నిలబెట్టొద్దు, వంగిపోతుంది. నేను స్టెబిలైజర్‌ని వెడల్పాటి నైలాన్ పట్టీలతో గెస్ట్ రూమ్ గోడకి వేలాడదీశాను. ఎలివేటర్లు అదే గదిలో బీరువా మీద, అమ్మ ఇచ్చిన పాత నేతచీరల్లో చుట్టి ఉన్నాయి. రాత్రి పడుకునేముందు అమ్మ ఒకసారి గోడ వైపు చూసి, "ఆ పట్టీ గట్టిగానే కట్టావుగా?" అని అడిగి లైటు ఆర్పుతుంది.