పాడే చిలక – మూడో పాఠం: ముక్కుకి మాత్రలు నేర్పడం

"మాస్టారూ, చిలక తబలాకి నోరు తెరుస్తోంది, మాటకి తెరవట్లేదు." పాడే చిలక బొమ్మ కట్టడం నేర్చుకోవడానికి పటమట నుంచి వచ్చే ఇంటర్ కుర్రాడి ఫిర్యాదు ఇది. రెండో పాఠంలో చెప్పినట్టే పాట శబ్దాన్ని ఆర్డ్యుయినో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి ఇచ్చి, శబ్దం పెరిగితే ముక్కు తెరుచుకునేలా పెట్టాడు. అతని వైరింగులో తప్పేమీ లేదు. ఆ పద్ధతి అంతవరకే వస్తుంది. శబ్దం ఎంత గట్టిగా ఉందో నానోకి తెలుస్తుంది గానీ, అది గొంతుదో తబలాదో తెలియదు.

తబలా తీసేసి ఒట్టి గొంతు ఇచ్చినా తంటా తీరదు. 'అక్క' అని అద్దం ముందు అనండి. క్క దగ్గర శబ్దం ఆగిపోతుంది, పెదవులు మాత్రం తెరిచే ఉంటాయి. ఇప్పుడు 'అమ్మ' అనండి. మ్మ దగ్గర పెదవులు గట్టిగా మూసుకుంటాయి, శబ్దం మాత్రం ముక్కులోంచి వస్తూనే ఉంటుంది. అంటే శబ్దాన్ని నమ్ముకున్న చిలక మూయకూడని చోట మూస్తుంది, మూయాల్సిన చోట తెరుస్తుంది. సంక్రాంతి కొలువులో కొండపల్లి బొమ్మల మధ్య కూర్చోబెట్టి పాడించాలనుకున్న చిలక ఇది. దాని ఎదుట కూర్చున్న పిల్లల చూపంతా ముక్కు మీదే ఉంటుంది. అందుకే ఈ పాఠమంతా ముక్కుకే ఇస్తున్నాను.

1985లో అమెరికాలో వచ్చిన టెడ్డీ రక్స్‌పిన్ అనే కథలు చెప్పే ఎలుగుబంటి బొమ్మలో ఈ చిక్కుకి చక్కటి దారి ఉంది. దాని స్టీరియో క్యాసెట్టులో ఒక ట్రాకు మీద గొంతు, రెండో ట్రాకు మీద కళ్ళూ నోరూ ఎలా కదలాలో చెప్పే సంకేతాలు ఉండేవి. కదలికను గొంతులోంచి ఊహించకుండా విడిగా రాసిపెట్టుకున్నారు. మనమూ అదే చేద్దాం. క్యాసెట్టు బదులు మనకి మెమరీ కార్డు ఉంది. రాసే పద్ధతి మాత్రం ఛందస్సులోంచి తీసుకుందాం.

పాఠం కోసం ఒక పాదం అల్లాను:

చిలకమ్మ పలికింది, తెలవారె లేవండి

గురులఘువులు వేసి చూడండి. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. చిలకమ్మ ఐదు మాత్రలు, పలికింది ఐదు, తెలవారె ఐదు, లేవండి ఐదు. మొత్తం ఇరవై, చక్కటి ఖండగతి. మాత్రకి 200 మిల్లీసెకన్ల చొప్పున పాడితే పాదం సరిగ్గా 4 సెకన్లలో అయిపోతుంది. రికార్డింగు వినకముందే ముక్కు ఏ క్షణాన ఎక్కడుండాలో చిత్తుగా కాగితం మీదికి వచ్చేసింది చూశారా! తెలుగు పాటకి బొమ్మ కట్టేవాళ్ళకి ఇంత గొప్ప సాయం ఇంకోటి లేదని నా నమ్మకం.

అయితే ఛందస్సుకి గురువులన్నీ ఒకటే, ముక్కుకి కాదు. 'లే' దీర్ఘం కాబట్టి గురువు. రెండు మాత్రలూ నోరు తెరిచే ఉంటుంది. 'కమ్మ'లో క గురువైంది తర్వాత ద్విత్వం ఉన్నందుకు. అక్కడ అచ్చు ఒక మాత్రే, మిగతా మాత్ర పెదవులు మూసుకున్న మ్. కాబట్టి లే దగ్గర 400 మిల్లీసెకన్లు తెరవాలి, క దగ్గర 200 తెరిచి 200 మూయాలి.

పూర్తిగా మూయాల్సింది ప, ఫ, బ, భ, మ దగ్గరే. సున్న కనబడగానే మూసేయకండి. పంపులో సున్న మ్‌గా పలుకుతుంది, పెదవులు కలుస్తాయి. పండులో కలవవు. మన పాదంలో కింది, వండి రెండూ పండు లాంటివే. అంటే పాదం మొత్తం మీద మూతలు రెండే: మ్మ ఒకటి, ప ఒకటి. మిగతా అక్షరాల మధ్య ముక్కు కొంచెం దిగి లేస్తే చాలు. ప్రతి అక్షరానికీ టపటపా కొట్టించారంటే పాడుతున్నట్టు ఉండదు, గింజలు కొరుకుతున్నట్టు ఉంటుంది.

ఇక రికార్డింగు. ఫ్యాను ఆపి, మైకుకి జానెడు దూరంలో కూర్చుని పాడండి. బందరు రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళు తెల్లవారుజామునే కానివ్వడం మంచిది. గొంతు ఒక ఫైలు, గొంతూ వాయిద్యాలూ కలిపింది ఇంకో ఫైలు. రెండూ ఒకే క్షణాన మొదలవ్వాలి. గొంతు ఫైలుని ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి, అది ఉచితమే. పాట నడుస్తుండగా కంట్రోల్, ఎం కలిపి నొక్కితే అక్కడ ఒక లేబుల్ పడుతుంది. ముక్కు తెరవాల్సిన ప్రతిచోటా నొక్కుతూ వెళ్ళండి. వేలు ఎప్పుడూ చెవి కంటే వెనకే ఉంటుంది కాబట్టి, తర్వాత తెర మీది శబ్దపు గీతని (వేవ్‌ఫారమ్) పెద్దది చేసి ఒక్కో లేబుల్‌నీ సరైన చోటికి జరపాలి. ప దగ్గర గీత సన్నబడి దాదాపు ఖాళీ అవుతుంది. మ్మ దగ్గర తగ్గుతుంది కానీ ఆగదు, నున్నగా గుండ్రంగా సాగుతుంది. ఒక్క పాట చేస్తే కన్నుకి అలవాటైపోతుంది. లేబుల్ కుడి అంచుని లాగి, తెరిచి ఉంచాల్సినంత మేర సాగదీయండి.

ఆ లేబుళ్ళని ఎగుమతి చేస్తే మామూలు టెక్స్ట్ ఫైలు వస్తుంది. ఒక్కో వరసలో మొదలు, చివర, పేరు, సెకన్లలో ఉంటాయి. వెయ్యితో గుణించి మిల్లీసెకన్లు చేసుకుని, నానో ప్రోగ్రామ్‌లో పట్టికగా పెట్టుకోండి. నానోలో అన్‌సైన్డ్ ఇంట్ (రుణ సంఖ్యలు లేని రెండు బైట్ల పూర్ణసంఖ్య) గరిష్ఠంగా 65,535 వరకే పడుతుంది, అంటే 65 సెకన్ల పాట. పాట అంతకంటే పొడుగైతే 10 మిల్లీసెకన్లని ఒక ప్రమాణంగా పెట్టుకోండి, కంటికి తేడా తెలియదు. పట్టికని ర్యామ్‌లో పెట్టొద్దు, అక్కడున్నది 2 కేబీనే. ప్రోగ్రామ్‌తో పాటు ఫ్లాష్‌లోనే ఉంచండి.

తర్వాతి పని అందరూ దాటేసేది, నేను గట్టిగా పట్టుబట్టేది. మోటారుకి కరెంటు ఇచ్చిన క్షణానికే ముక్కు తెరుచుకోదు. గేర్లు తిరగాలి, స్ప్రింగు సాగాలి. ఆ ఆలస్యాన్ని కొలవండి. మోటారుకి కరెంటు వెళ్ళగానే వెలిగేలా ఒక ఎల్‌ఈడీ పెట్టి, ముక్కూ అదీ కలిపి ఫోనులో స్లో మోషన్ వీడియో తీయండి. సెకనుకి 120 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 8 మిల్లీసెకన్ల పైచిలుకు. ఎల్‌ఈడీ వెలిగిన దగ్గర్నుంచి ముక్కు పూర్తిగా తెరుచుకునేదాకా 11 ఫ్రేములు వచ్చాయంటే ఆలస్యం సుమారు 90 మిల్లీసెకన్లు. పట్టికలోని ప్రతి తెరుపూ అంత ముందుగానే మొదలయ్యేలా జరపాలి. మూతకి విడిగా కొలవండి, మూసేది స్ప్రింగు, దాని వేగం వేరు. రెండూ కలిపి మాత్ర కంటే ఎక్కువొచ్చిన బొమ్మలో పక్కపక్కనున్న లఘువులు రెంటినీ, చి, ల లాంటివాటిని, ఒకే తెరుపులో కలిపేయండి.

పాట మొదలు కూడా అంతే. డీఎఫ్‌ప్లేయర్ మినీకి (మెమరీ కార్డులోని పాట వినిపించే చిన్న బోర్డు) ఆజ్ఞ పంపిన క్షణాన గడియారం మొదలుపెట్టకండి. కార్డులో ఫైలు వెతుక్కోవడానికి దానికి కొంత సమయం పడుతుంది. దాని బిజీ పిన్ను పాట నడుస్తున్నప్పుడు సున్నా వోల్టులకి దిగుతుంది. అది దిగిన క్షణమే మన సున్నా. అక్కడి నుంచి మిల్లీస్ (నానో గడియారం చెప్పే మిల్లీసెకన్లు) చూసుకుంటూ పట్టికలో ముందుకి నడవడమే ప్రోగ్రామంతా. డిలే (ప్రోగ్రామ్‌ని కాసేపు ఆపి ఉంచే ఆజ్ఞ) మాత్రం ఎక్కడా వాడొద్దు. వాడితే వచ్చే పాఠంలో రెక్కలు ముక్కు కోసం ఆగిపోతాయి.

ముక్కు పూర్తిగా తెరుచుకున్నాక పూర్తి కరెంటు ఇస్తూ పోతే మోటారు తిరగలేక వేడెక్కుతుంది. నానో మోటారుకిచ్చే బలాన్ని 0 నుంచి 255 దాకా అంకెతో చెబుతాం; తెరవడానికి 255 ఇచ్చి, తెరుచుకోగానే 90 దగ్గరికి దించి నిలపండి. స్ప్రింగు బలాన్ని బట్టి ఈ అంకె మారుతుంది. అక్షరాల మధ్య చిన్న దిగుడుకి ఇంకాస్త తగ్గిస్తే సరి. మోటారు రెండు కొసల మధ్య 104 అని ముద్రించిన (0.1 మైక్రోఫారడ్) కెపాసిటర్ అతికించండి, స్పీకర్లో గరగర తగ్గుతుంది. మోటారుకి బ్యాటరీ వేరే పెట్టినా గ్రౌండు మాత్రం అన్నిటికీ ఒకటే ఉండాలి.

ఈసారి ఇంటిపని: మీ సొంత పాదం ఒకటి రాసి, అందులో పంపు లాంటి మాటొకటి, పండు లాంటి మాటొకటి వచ్చేలా చూసుకుని చిలక చేత పాడించండి. శబ్దం ఆపేసి, చిలకని మాత్రమే ఇంట్లోవాళ్ళకి చూపించి మూతలు ఎక్కడ పడ్డాయో చెప్పమనండి. లేబుళ్ళ ఫైలు చెరిపేయకండి. రెక్కల తాళానికి దాంట్లోనే రెండో వరస చేరుస్తాం.