కెమెరా సెన్సర్ మీది చుక్క ఎలా వదిలిందంటే

ఫొటోలన్నింటిలో ఆకాశం ఎడమ పైమూల ఒకటే బూడిదరంగు చుక్క. లెన్స్ రంధ్రం పెద్దగా తెరిస్తే (ఎఫ్/4) కనపడదు, చిన్నగా చేస్తే (ఎఫ్/16) కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లెన్స్ మార్చినా అక్కడే ఉందంటే సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీది దుమ్మే. బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, లెన్స్ తీసి ఎదురుగా చూస్తే అది ఎడమ కిందిమూల ఉంటుంది.

బ్యాటరీ నిండా చార్జ్ చేసి, సెన్సర్‌ని తెరిచి ఉంచే క్లీనింగ్ మోడ్ పెట్టి, కెమెరా మూతి కిందికి వంచి రబ్బరు బ్లోయర్‌తో కొట్టాను. నోటితో మాత్రం ఊదొద్దు, తుంపర్లు పడితే దుమ్మే నయమనిపిస్తుంది. చుక్క కదల్లేదు. నాది ఏపీఎస్-సీ సైజు సెన్సర్, దానికి సరిపోయే 16 మిల్లీమీటర్ల స్వాబ్ (తుడిచే చదునైన పుల్ల) తెచ్చి, రెండు చుక్కల సెన్సర్ క్లీనర్ వేసి, ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కసారే లాగాను. రెండో ముఖంతో వెనక్కి. ఆ స్వాబ్ ఇక చెత్తబుట్టకే. ఎఫ్/16లో తెల్లగోడ తీస్తే మచ్చ లేదు.

ఇప్పుడు లెన్స్ మార్చేముందు కెమెరా ఆపేస్తాను. లెన్స్ వెనక మూత కూడా దులుపుతాను, దుమ్ము అక్కణ్నుంచీ లోపలికి పోతుంది.