పెట్రోవ్ డిఫెన్స్: నల్లపావులతో ఆడేవాళ్లు ఈ-ఫైల్ (ఈ1 నుంచి ఈ8 దాకా నిలువు వరుస) మీద కన్నేసి ఉంచాలి

చదరంగంలో 1.ఈ4 ఈ5 2.గుర్రం ఎఫ్3 గుర్రం ఎఫ్6. దాడిలో ఉన్న ఈ5 బంటును కాపాడుకోకుండా ఎదుటివాడి ఈ4 బంటు మీదికి వెళ్లడమే పెట్రోవ్. డ్రా ఓపెనింగ్ అని పేరు పడింది కానీ, ఆరో ఎత్తుకే ఆట ముగించే గోతులు ఇందులో ఉన్నాయి.

తెల్లగుర్రం 3వ ఎత్తులో ఈ5 బంటును కొడితే మీ చెయ్యి కూడా ఈ4 మీదికే పోతుంది. ఆగండి. అప్పుడే కొడితే 4.క్వీన్ ఈ2 వస్తుంది. కంగారుపడి గుర్రాన్ని ఎఫ్6కి లాక్కున్నారా, 5.గుర్రం సి6! గుర్రం పక్కకు తప్పుకోగానే రాజుకు చెక్, అదే గుర్రం నోట్లో మీ డి8 క్వీన్. 4...క్వీన్ ఈ7 (అంకె పక్కన మూడు చుక్కలుంటే అది నల్లపావుల ఎత్తు) అంటే క్వీన్ దక్కుతుంది, బంటు మాత్రం పోయినట్టే.

సరైన వరుస ఇది: ముందు 3...డి6 ఆడి గుర్రాన్ని తరమాలి. 4.గుర్రం ఎఫ్3 అన్నాకే ఈ4 బంటును కొట్టాలి. గుర్రం వెనక్కి పోకుండా ఎఫ్7 బంటును కొడితే అది కాక్రేన్ గాంబిట్ (దాడి కోసం పావును బలిచ్చే ఎత్తుగడ), రాజుతో కొట్టేయండి. రెండు బంట్లకు గుర్రం దొరికినా, కాసేపు రాజుకు నిలకడ ఉండదు.

ఇక 5.గుర్రం సి3. ఈ4 గుర్రానికి కాపుగా 5...బిషప్ ఎఫ్5 సహజంగానే తోస్తుంది. 1988లో స్విట్జర్లాండ్‌లోని బీల్ టోర్నీలో కొలంబియా ఆటగాడు జపాటా మీద విశ్వనాథన్ ఆనంద్ ఆడింది అదే. 6.క్వీన్ ఈ2 పడగానే ఓటమి ఒప్పుకున్నాడు. గుర్రం కదిలితే వెనక రాజుకు చెక్, కాబట్టి కదలలేదు. 6...డి5తో కాపు కాస్తే 7.డి3, 6...క్వీన్ ఈ7 అంటే 7.గుర్రం డి5 వచ్చి క్వీన్‌ను తరుముతుంది. ఎటు చూసినా పావు పోతుంది. అందుకే ఐదో ఎత్తులో బిషప్ బదులు గుర్రంతో సి3 గుర్రాన్ని కొట్టేయండి. 6.డి×సి3 బిషప్ ఈ7 7.బిషప్ ఈ3 గుర్రం సి6 8.క్వీన్ డి2 బిషప్ ఈ6 9.0-0-0 (క్వీన్ వైపు క్యాస్లింగ్, అంటే రాజు, ఏనుగు ఒకే ఎత్తులో చోటు మారడం) క్వీన్ డి7 ఆడి, మీరూ క్వీన్ వైపే క్యాస్లింగ్ చెయ్యొచ్చు. రాజు వైపు చేస్తే హెచ్ బంటు దూసుకొస్తుంది.

5.క్వీన్ ఈ2కి జవాబు 5...క్వీన్ ఈ7, 6.డి3 గుర్రం ఎఫ్6 తర్వాత క్వీన్లు మారిపోతాయి, చప్పటి ఆట.

ఎక్కువగా ఎదురయ్యేది 5.డి4. 5...డి5 6.బిషప్ డి3 గుర్రం సి6 7.0-0 (రాజు వైపు క్యాస్లింగ్) బిషప్ ఈ7 8.సి4 గుర్రం బి4 9.బిషప్ ఈ2 0-0. డి3 బిషప్‌ను కదిలించడానికే ఆ బి4 గుర్రం. క్యాస్లింగ్ అయ్యాక మీ రాజు ఈ-ఫైల్‌లో ఉండడు.