విశాఖ నుంచి ఆర్కిటిక్ సామాజిక పరిశోధనకు దారి

ఆర్కిటిక్ ప్రాంతంలో దాదాపు 40 లక్షల మంది నివసిస్తున్నారు. వారిలో ఇంచుమించు పదోవంతు మంది ఇన్యూట్, సామీ, నెనెట్స్, గ్విచిన్ వంటి ఆదివాసీ జాతులవారు. వీరి భూమి హక్కులు, వేట, భాష, వలస, ఆరోగ్యం, పాలన వంటి విషయాలను మానవశాస్త్రం, న్యాయశాస్త్రం, ఆర్థికశాస్త్రం, చరిత్ర తమ తమ పద్ధతుల్లో పరిశీలిస్తాయి. వాటన్నిటినీ కలిపి ఆర్కిటిక్ సామాజిక శాస్త్రాలు అని వ్యవహరిస్తున్నారు. విశాఖపట్నంలో ఎంఏ, ఎల్ఎల్ఎం చదువుతూ ఈ వైపు దృష్టి పెట్టినవారు సాధారణంగా అక్కడికి వెళ్లడానికి ఏ స్కాలర్‌షిప్ దొరుకుతుందన్న ప్రశ్నతో మొదలుపెడతారు. అది ఆఖరున వేసుకోవలసిన ప్రశ్న. ఏ విషయం తేల్చుకోవడానికి వెళ్లాలో స్పష్టంగా రాయగలిగినవారికే గైడు దొరుకుతారు. గైడు ఒప్పుకున్న తరువాతే డబ్బు మాట వస్తుంది.

కాబట్టి ముందుగా మీకు ఇక్కడ బాగా తెలిసిన ఒక సమస్యను తీసుకుని, దానికి దీటైన సమస్య ఆర్కిటిక్‌లో ఎక్కడ ఉందో వెతకండి. న్యాయశాస్త్ర విద్యార్థికి ఇది తేలిక. అనంతగిరి మండలంలోని బొర్రా పరిసర గ్రామాల గనుల వివాదం మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997లో, షెడ్యూల్డు ప్రాంతాల్లోని భూములను గనుల కోసం గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ లీజుకు ఇవ్వరాదని తీర్పు చెప్పింది. 2021 అక్టోబరులో నార్వే సుప్రీంకోర్టు, ఫోసెన్ ద్వీపకల్పంలో గాలిమరల నిర్మాణానికి ఇచ్చిన అనుమతులు రెయిన్‌డీర్లను మేపుకొనే సామీల సాంస్కృతిక హక్కును భంగపరిచాయి కనుక అవి చెల్లవని చెప్పింది. తీర్పు వచ్చాక కూడా గాలిమరలు తిరుగుతూనే ఉండడంతో 2023లో సామీ యువత ఓస్లోలో మంత్రిత్వ శాఖ కార్యాలయంలోనే బైఠాయించింది. కోర్టులో గెలిచిన ఆదివాసులకు ఆ తరువాత చేతికి వచ్చినదేమిటి అన్న ప్రశ్నను ఈ రెండు చోట్లా అడగవచ్చు. మన్యంలో దానికి సమాధానం వెతికిన అనుభవం మీకు ఉంటే, ఓస్లోలో కూర్చుని రాసేవారికి లేని బలం మీకు ఉన్నట్టే.

తీరం వైపు నుంచి వచ్చేవారికి మత్స్యకారుల జీవనం ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేట ఆగుతుంది. ఆ రోజుల్లో ఇంటి పొయ్యి ఎలా వెలుగుతుంది, అప్పు ఎవరు ఇస్తారు, చేపను ఎవరితో పంచుకుంటారు అన్నవి జాలారిపేటలో అడిగి తెలుసుకోదగిన విషయాలు. అలాస్కా రాష్ట్ర మత్స్య, వేట శాఖ సరిగ్గా ఇటువంటి సమాచారాన్నే అక్కడి గ్రామాల్లో ఇంటింటి సర్వేలతో సేకరించింది. ఏ ఊళ్లో ఏ చేప, ఏ జంతువు ఎంత దొరికింది, తలకు ఎన్ని పౌన్లు వచ్చింది, ఎన్ని ఇళ్లు ఇతరులకు పంచాయి అన్న పట్టికలు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. విమానం ఎక్కకుండానే ఒక ఎంఏ డిసర్టేషన్‌కు సరిపడే సరుకు అందులో ఉంది. తీరపు కోత మీద పనిచేసేవారు అలాస్కాలోని న్యూటాక్ గ్రామాన్ని చూడవచ్చు. గడ్డకట్టి ఉన్న నేల కరగడం, నదికోత వల్ల అక్కడివారు 2019 నుంచి విడతలవారీగా మెర్టార్విక్ అనే కొత్త చోటికి తరలిపోయారు.

ఆర్కిటిక్‌లో భారత ప్రయోజనాలు అన్న అంశాన్ని మాత్రం నేను సూచించను. విదేశాంగ విధానం మీద ఢిల్లీలో ఇప్పటికే కావలసినంత రాశారు. విశాఖ రేవుకు వచ్చే రష్యా కోకింగ్ కోల్ (ఉక్కు తయారీకి వాడే బొగ్గు) వంటి గట్టి స్థానిక ఆధారం చేతిలో ఉంటే అది వేరే సంగతి.

చదవడం ఆర్కిటిక్ మానవాభివృద్ధి నివేదికతో మొదలుపెట్టడం మంచిది. 2004లో మొదటిది, దాదాపు పదేళ్ల తరువాత రెండోది వచ్చాయి, రెండూ ఉచితమే. కెనడాలోని కాల్గరీ నుంచి వెలువడే 'ఆర్కిటిక్', యూకాన్ నుంచి వచ్చే 'నార్దర్న్ రివ్యూ' పత్రికలను కూడా డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. వీటితోపాటు 1974 నుంచి 1977 వరకు కెనడాలో న్యాయమూర్తి థామస్ బర్జర్ జరిపిన మెకెంజీ లోయ గ్యాస్ పైప్‌లైన్ విచారణ గురించి తప్పక తెలుసుకోండి. ఆయన ఊరూరికీ వెళ్లి, అక్కడివారి భాషల్లోనే వారి మాట విని, పైప్‌లైన్‌ను పదేళ్లు ఆపాలని సిఫారసు చేశారు. మన జిల్లాలో జరిగే ప్రజాభిప్రాయ సేకరణ సభను ఒక్కసారైనా వెనక వరుసలో కూర్చుని చూసినవారికి ఆ విచారణ ఎందుకు అంత పేరు పొందిందో వేరే చెప్పనక్కరలేదు.

తరువాత ఈ రంగంలోని మనుషులతో పరిచయం కావాలి. ధ్రువప్రాంత యువ పరిశోధకుల సంఘమైన అపెక్స్‌లో సభ్యత్వం ఉచితం; ఉద్యోగ, ఫెలోషిప్ ప్రకటనలు అక్కడ ముందుగా కనిపిస్తాయి. 1990లో అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఏర్పడిన అంతర్జాతీయ ఆర్కిటిక్ సామాజిక శాస్త్రాల సంఘం, అంటే ఇయాసా, మామూలుగా మూడేళ్లకొకసారి మహాసభ జరుపుతుంది. అదే ఏడాది పుట్టిన అంతర్జాతీయ ఆర్కిటిక్ విజ్ఞాన సంఘంలో భారతదేశానికి సభ్యత్వం ఉంది. దాని కార్యబృందాల్లో ఒకటి ప్రత్యేకంగా సామాజిక, మానవ శాస్త్రాలది. నార్వే గడియారం మనకంటే శీతాకాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి వారి మధ్యాహ్నపు ఆన్‌లైన్ సదస్సులను ఇక్కడ సాయంత్రం క్లాసులు అయ్యాక వినవచ్చు. అలాస్కా సదస్సులకు మాత్రం రాత్రి మేలుకోవలసిందే.

దేశంలోపలి అవకాశాల గురించి కొంత జాగ్రత్తగా చెప్పాలి. భారతదేశానికి 2008 నుంచి నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో హిమాద్రి పరిశోధన కేంద్రం, 2013 నుంచి ఆర్కిటిక్ దేశాల వేదిక అయిన ఆర్కిటిక్ కౌన్సిల్‌లో పరిశీలక హోదా ఉన్నాయి. 2022లో ప్రకటించిన ఆర్కిటిక్ విధానంలో ఆర్థిక, మానవాభివృద్ధి ఒక ప్రధానాంశం. యాత్రలను గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం నడుపుతుంది. అయితే అక్కడికి వెళ్లేవారిలో ఎక్కువమంది ప్రకృతి శాస్త్రాలవారే. పైగా స్వాల్‌బార్డ్‌లో మూలవాసులు ఎన్నడూ లేరు కనుక మానవశాస్త్ర విద్యార్థికి హిమాద్రి అంతగా పనికిరాదు. యూజీసీ జేఆర్ఎఫ్‌తోనో, భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి ఫెలోషిప్‌తోనో ఇక్కడే పీహెచ్‌డీలో చేరి, తులనాత్మక అధ్యాయం కోసం కొద్దికాలం బయటికి వెళ్లడం నాకు ఎక్కువ ఆచరణయోగ్యంగా కనిపిస్తుంది.

పూర్తిగా విదేశంలోనే చదవదలచినవారికి నార్వేలోని ట్రోమ్సోలో ఆదివాసీ అధ్యయనాల మాస్టర్స్, ఐస్‌లాండ్‌లోని అకురేరిలో ధ్రువ న్యాయశాస్త్రం, కేంబ్రిడ్జిలో ధ్రువ అధ్యయనాల కోర్సులు ఉన్నాయి. నార్వే 2023 నుంచి యూరప్ బయటి విద్యార్థుల దగ్గర ట్యూషన్ ఫీజు తీసుకుంటోంది. కానీ అక్కడి పీహెచ్‌డీ స్థానాలు జీతమిచ్చే ఉద్యోగాలు. మాస్టర్స్ ఇక్కడ పూర్తిచేసి వాటికి దరఖాస్తు చేయడం మేలు. ఫుల్‌బ్రైట్ ఆర్కిటిక్ ఇనిషియేటివ్ పేరు చూసి ఆశపడవద్దు, అది ఆర్కిటిక్ దేశాలవారికే. మనవారు పీహెచ్‌డీ మధ్యలో ఫుల్‌బ్రైట్–నెహ్రూ ఫెలోషిప్‌తో అలాస్కా విశ్వవిద్యాలయానికి వెళ్లే ప్రయత్నం చేయవచ్చు.

ప్రొఫెసర్‌కు రాసే ఈమెయిల్ ఒక పేజీ దాటకూడదు. 'గౌరవనీయులైన' అంటూ మొదలై, బాల్యం నుంచి మంచు మీద ఉన్న మమకారం వర్ణించే ఉత్తరాలను ఎవరూ చివరిదాకా చదవరు. మొదటి వాక్యంలో ఆయన లేదా ఆమె రాసిన ఏ వ్యాసంలోని ఏ వాదన మీకు పనికివచ్చిందో చెప్పండి. రెండో పేరాలో, ఉదాహరణకు, "ఫోసెన్ కేసులో పశుపోషకుల సాక్ష్యాన్ని కోర్టు ఎలా తూచిందో మీరు చూపారు, అనంతగిరి మండలంలో గిరిజనుల సాక్ష్యం ఫైళ్లలో ఎలా నమోదైందో నేను పరిశీలిస్తున్నాను" అని మీ పనిని దానికి ముడివేయండి. సినాప్సిస్ రెండు పేజీలు జతచేస్తే చాలు.

అందరూ తక్కువగా అంచనా వేసేది అనుమతుల వ్యవహారం. కెనడాలోని నునావుత్‌లో మనుషులతో పరిశోధన చేయాలంటే నునావుత్ పరిశోధన సంస్థ లైసెన్సు ఉండాలి. దరఖాస్తుతో ఇనుక్టిటుట్ భాషలో సులభమైన సారాంశం ఇవ్వాలి. కెనడాలోనే ఉన్న నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో ఈ పని అరోరా పరిశోధన సంస్థది. కెనడా ఇన్యూట్ల జాతీయ సంస్థ 2018లో పరిశోధనపై తమ సొంత వ్యూహాన్ని ప్రకటించింది. సమాచారం ఎవరి సొత్తు, ఎవరి దగ్గర ఉండాలి అన్నవి అందులో ముఖ్యాంశాలు. అందువల్ల ఊరి మండలితో సంప్రదింపులు ప్రశ్నావళి తయారు చేయకముందే మొదలు కావాలి, వాటికి నెలలు పడతాయని సినాప్సిస్‌లోని కాలపట్టికలోనే చూపాలి. రష్యా ఆర్కిటిక్‌లో క్షేత్రపరిశోధన 2022 తరువాత చాలా కష్టమైంది కనుక దాని మీదే ఆధారపడే ప్రణాళిక వేయకండి.

బడ్జెట్‌లో విమానం ఛార్జీలతోపాటు దుబాసీ జీతం, సమాచారం చెప్పిన పెద్దలకు గౌరవ పారితోషికం, ఫలితాలను ఆ ఊరి భాషలోకి మార్చి తిరిగి అందజేసే ఖర్చు విడివిడిగా రాయండి. స్వాల్‌బార్డ్ వెళ్లేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అది యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతమైన షెంగెన్ పరిధిలో లేదు. అక్కడికి వీసా అక్కరలేకపోయినా ఓస్లో మీదుగా పోయి రావాలి గనుక రెండుసార్లు ప్రవేశానికి వీలిచ్చే షెంగెన్ వీసానే అడిగి తీసుకోవాలి.